గుడి కట్టని బిళ్ళలు

పర్లాకిమిడి ఆస్పత్రిలో కరెంటు పోతే
ఇంక్యుబేటర్ తలుపు తీయకూడదు.
మూడింటిదాకా ఆగి
దండాసి ప్లేటు బయటికి తీశాను.

మీగడలా పరుచుకుని ఉంది
అతని బొటనవేలి చీములోంచి మొలిచిన పంట.
దానిమీద నిన్న నేను పెట్టిన మందు బిళ్ళలు,
ఆరు, కాగితపువి, కందిగింజలంత.
మందు పారితే ఒక్కోదాని చుట్టూ
ఖాళీ వలయం రావాలి,
చంద్రుడు గుడి కట్టినట్టు.

పాతపట్నంలో మా మామ్మ మంచంమీంచే చెప్పేది,
దూరం గుడి అయితే దగ్గర వాన,
దగ్గర గుడి అయితే దూరం వాన.
గుడే కట్టకపోతే ఏమిటో
ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"సిన్న గాటేనమ్మా, కోడెముక గుచ్చుకున్నాది"
అన్నాడు మొదటిరోజు.
వెనకనించి తవిటమ్మ:
"పసుపెట్టినాడు, సున్నమెట్టినాడు,
కత్తి మాత్రం దించనేదు."

ఇదివరకు ఏ మందులు వాడావని
డాక్టరు ఒడియాలో అడిగి,
నేను తెలుగులో అడిగి,
పెళ్ళాం కసిరి అడిగితే
"నానేటి మింగినాను బాబూ?
జొరమొస్తే మిరియాల నీల్లు. అంతే."

నిజమే. అతను మింగలేదు.
చెక్‌పోస్టు అవతలి షెడ్డులో
ముప్పై ఎనిమిది రోజుల ఆయుష్షున్న కోళ్ళు మింగాయి,
జబ్బు చేయకముందే,
దాణాలో, నీళ్ళ తొట్లో, తూకం కోసం.
తెల్లారి నాలుగింటికి వ్యాన్లో వస్తాయి.
ఏడేళ్ళుగా అతను
వాటి కడుపుల్లో చెయ్యి పెట్టి
మింగినదంతా బయటికి లాగుతున్నాడు.
పొద్దుట్నించీ ఒకటే బకెట్టు నీళ్ళు.
సాయంత్రం బస్తాడు ఈకలూ పేగులూ
మహేంద్రతనయ ఒడ్డుకి.
ఏటికి చెక్‌పోస్టు లేదు.

ఎవరూ చెప్పకుండానే ఓ ఆదివారం
దూదిపుల్ల పర్సులో వేసుకుని వెళ్ళాను.
చింతమొద్దు నడుమ గుంట పడింది,
రోకటి పోటుకి రోలు అరిగినట్టు.
అతను తక్కెడవైపు తిరిగినప్పుడు
గుంటలో పుల్ల తిప్పాను.
దొంగతనంలా అనిపించింది.

రెండురోజులకి రెండో ప్లేటు.
అదే మీగడ, అవే బోడి బిళ్ళలు.
కవలల జాతకాల్లా
పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను.

ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం, రెండింటిలోనూ,
గోటి అంచంత ఖాళీ.
ఆ మందు బరంపురంలో దొరుకుతుంది.
ధర చెప్పాను.
అతను కోళ్ళల్లోకి మార్చుకున్నాడు.
"పూటకి పదకొండు కోళ్ళ లాబం. రెండు పూటలు. పది దినాలు."
పెదాలు కదిలి కదిలి
రెండొందల ఇరవై దగ్గర ఆగాయి.

ఆరో రోజుకి వాపు తగ్గింది.
ఏడో రోజు ఇంజక్షనుకి రాలేదు.
ఫోన్ చేస్తే కత్తి చప్పుడు వినిపించింది,
తర్వాత కట్ అయింది.

ఈ ఆదివారం కుడిచేతికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని
ఎడంచేత్తో కొడుతున్నాడు.
దెబ్బ ఒకచోట పడటంలేదు,
మొద్దుమీద కొత్త గాట్లు.
చెబుదామనే వెళ్ళాను,
మందు సగంలో ఆపితే మిగిలినవి ముదురుతాయని,
మొద్దు మార్చమని, చేతులని, సబ్బని.
వరసలో నా ముందు పదిమంది,
చేతుల్లో స్టీలు గిన్నెలు, పిల్లలు.

వాళ్ళని తప్పించి నన్ను ముందుకి పిలిచాడు.
"మీకు కార్జాలు రెండెక్కువేసినానమ్మా.
నా కోసరం అన్నిమార్లు పరీచ్చ సేసినారు గదా."

చిల్లర తడిగా ఉంది.
వద్దనడానికి నోరు తెరిచాను.
తవిటమ్మ అప్పటికే ముడేసి చేతికిచ్చింది.
కవరు అడుగున ఎర్రనీళ్ళు చేరుతున్నాయి.

మా బాబుకి కార్జమంటే ఇష్టమని
ఆవిడకి ఎప్పుడో
నేనే చెప్పినట్టున్నాను.